అరకు శుక్రవారం సంత: ఏ వేళకు వెళ్లాలి, ఎలా కొనాలి, వేటి జోలికి పోకూడదు

మీరు అడిగింది ఇదీ: "డిసెంబరులో హైదరాబాద్ నుంచి అరకు వెళ్తున్నాం. ఇద్దరు పిల్లలతో కలిపి నలుగురం. గిరిజనుల వారపు సంత చూడాలని ఉంది. ఎప్పుడు వెళ్తే బాగుంటుంది, ఏం కొనొచ్చు, బేరం ఆడొచ్చా, ఫొటోలు తీస్తే ఏమైనా అంటారా?"

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. అరకులో సంత శుక్రవారం. గురువారం రాత్రికే అరకులో ఉండేలా టికెట్లు చూసుకోండి. శుక్రవారం పొద్దున 9 గంటలకు సంతలో ఉండి, పన్నెండున్నర లోపు బయటపడండి. పది, ఇరవై, యాభై నోట్లుగా రెండు వేల రూపాయల చిల్లర, నాలుగు గుడ్డ సంచులు పట్టుకెళ్లండి. డిసెంబరు కాబట్టి రాజ్‌మా, చోళ్లు, సామలు, అల్లం కొనండి. చింతపండు, పసుపు, మిరియాలు మాత్రం ఈసారికి వదిలేయండి. నేల మీద పోగులు పెట్టుకుని కూర్చున్నవాళ్ల దగ్గర బేరం ఆడకండి, కొసరు అడగండి. ఫొటో కొన్న తర్వాత, అడిగి తీయండి.

ఇక కారణాలు.

చాలామంది చేసే పొరపాటు శుక్రవారం పొద్దున విశాఖలో, అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలెక్కడం. అది ఏడు లోపు బయల్దేరి, అన్నీ కలిసొస్తే పదకొండు ప్రాంతంలో అరకు చేరుతుంది. ఇనుప ఖనిజం గూడ్సులు తిరిగే లైను కాబట్టి ఆలస్యం మామూలే. సొరంగాలు, అద్దాల పెట్టె (విస్టాడోమ్ బోగీ) బాగానే ఉంటాయి గానీ, దిగీ దిగగానే ప్యాకేజీ బండివాడు మ్యూజియం, పద్మాపురం తోటలు అంటూ తిప్పుతాడు. సంతకు చేరేసరికి మూడవుతుంది, అప్పటికి మూటలు కట్టేస్తుంటారు. రోడ్డు మీద వచ్చినా విశాఖ నుంచి సుమారు 115 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు, మధ్యలో టిఫిను. నాలుగు గంటలు పెట్టుకోవాలి. రైలు ప్రయాణం పిల్లలకు తప్పనిసరి అనుకుంటే గురువారమే ఎక్కేయండి.

ఈ వేళల పట్టింపు ఎందుకంటే, సంతకు రెండు పూటలున్నాయి. కొండమీది ఊరి నుంచి మూట దించుకొచ్చిన మనిషి ముందు అమ్మాలి. ఆ డబ్బు చేతిలో పడ్డాకే ఉప్పు, నూనె, ఉల్లిపాయలు, ఎండుచేపలు, సబ్బులు, పిల్లలకు బట్టలు కొనాలి. కాబట్టి పొద్దుట పూట వాళ్లు అమ్మకందార్లు, మధ్యాహ్నం దాటాక కొనుగోలుదార్లు. మీకు కావాల్సినవి దొరికేది మొదటి పూటలోనే. రెండో పూటలో మైదానం నుంచి వ్యాన్లలో వచ్చిన వ్యాపారుల ప్లాస్టిక్ బిందెలు, దుప్పట్లు, చెప్పులే ఎక్కువగా కనిపిస్తాయి. "సంతలో ఏముంది, మా ఊళ్లోనూ దొరికేవే" అని పెదవి విరిచేవాళ్లు దాదాపు అందరూ రెండు దాటాక వెళ్లినవాళ్లే.

అలాగని తెల్లారేసరికే వెళ్లడం కూడా మంచిది కాదు. ఏడు, ఎనిమిది మధ్య టోకు వ్యాపారుల హడావిడి. సంతకు వచ్చే దారుల్లోనే నిలబడి, నెత్తిన గంపతో వచ్చేవాళ్లను ఆపి, అక్కడికక్కడే మూట దింపించి ధర కట్టేస్తుంటారు. సంత లోపల నలుగురి మధ్య పలికే ధర కంటే దారిలో పలికే ధర తక్కువ. ఆ సంగతి తెలిసినా, ఒక్కోసారి పాత బాకీ ఉండటం వల్ల ఆ మనిషి ఆగాల్సి వస్తుంది. మీరు కూడా దారిలో ఎవరినీ ఆపి "గంపలో ఏముంది?" అని అడగకండి. మీరు వేళాకోళానికి అడిగినా, వాళ్లకు మీరు ఇంకో వ్యాపారే. వాళ్లు లోపలికి వచ్చి, గోనె పరిచి, పోగులు పెట్టుకున్నాక వెళ్లండి. తొమ్మిది గంటలకు అని చెప్పింది అందుకే.

శుక్రవారం కుదరకపోతే? మన్యంలో ఏ సంత రోజు ఆ సంతకు ఉంటుంది. ఒకే వ్యాపారులు ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతారు కాబట్టి చుట్టుపక్కల సంతలు వేర్వేరు రోజుల్లో పడతాయి. మీరు దిగిన చోట టీ కొట్టులోనో బస్సు కండక్టరునో అడిగితే ఆ వారం దగ్గర్లో ఏముందో చెప్పేస్తారు. అడిగేటప్పుడు "సంత ఏ రోజు?" అనకండి, "ఈ వారం సంత ఉందా?" అనండి. మొదటి ప్రశ్నకు ఎప్పుడూ ఉండే రోజే చెబుతారు. పండగ, బంద్, ఎన్నికలు ఏవైనా అడ్డొస్తే ఆ వారం మారుతుంది, అది రెండో ప్రశ్నకే బయటపడుతుంది. సంక్రాంతి ముందు వారాల్లో సంత రెట్టింపు ఉంటుంది, నడవడానికి చోటుండదు. చిన్నపిల్లలుంటే డిసెంబరు మొదటి సగమే నయం.

ఒడిశా వైపు కోరాపుట్ జిల్లాలో శుక్రవారం కుందులి సంత పెద్దది. అరకు సంత రోజే అది కూడా కాబట్టి రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి. గురువారం ఒనుకుదెల్లి సంతకు బోండా, గదబ తెగలవాళ్లు వస్తారు. పర్యాటకులు కెమెరాలతో మీద పడటం వల్ల అక్కడ ఫొటోల మీద ఆంక్షలు వచ్చాయి. మనుషులను చూడటానికే వెళ్లే సంతగా అది తయారైంది. కుటుంబంతో వచ్చే మీకు దాన్ని నేను సూచించను.

ఎవరి దగ్గర కొంటున్నారో ముందు గుర్తుపట్టండి. దీన్నిబట్టే బేరం ఆడాలో వద్దో తేలుతుంది. ఒకటి రెండు రకాలే ముందు పెట్టుకుని, అవి కూడా చిన్నా పెద్దా కలిసి, మట్టి అంటుకుని ఉంటే పండించిన మనిషో, అడవి నుంచి ఏరుకొచ్చిన మనిషో అన్నమాట. ఐదారు రకాలు, అన్నీ ఒకే సైజులో, టార్పాలిన్ మీద ఉంటే మారుబేరగాడు. ప్యాకెట్లు, కాటా, పైన గొడుగు ఉంటే మైదానపు వ్యాపారి. వ్యాపారి దగ్గర మీకు వచ్చినంత బేరం ఆడుకోండి, అతనూ అందుకు సిద్ధపడే చెబుతాడు. మారుబేరగాడి దగ్గర రెండు మూడు చోట్ల అడిగి కొనండి. మొదటి రకం వాళ్లతో మాత్రం బేరం వద్దు.

జాలి కోసం చెప్పడం లేదు, లెక్క కోసమే చెబుతున్నాను. పోగు ఇరవై అన్నప్పుడు మీరు పదిహేను అంటే ఆవిడ ఇచ్చేస్తుంది, ఎందుకంటే సాయంత్రానికి ఆ డబ్బుతో సరుకు కొనాలి. ఆ ఐదు రూపాయలు నేరుగా ఉప్పులోంచో నూనెలోంచో కోతపడతాయి. అదే ఇరవై ఇచ్చి "కొసరు వెయ్యమ్మా" అంటే గుప్పెడు తీసి సంచిలో వేస్తుంది. అమ్ముడుపోకపోతే తిరిగి కొండెక్కించాల్సిన సరుకే కాబట్టి ఆవిడకు బరువు తగ్గుతుంది, మీకూ ఎక్కువ వస్తుంది. కొసరు అడగడం సంతలో తప్పు కాదు. అడగకపోతేనే కొత్తవాళ్లని తెలిసిపోతుంది.

ఇంకొకటి, బోణీ. పొద్దున్నే ధర అడిగి, చేతిలోకి తీసుకుని, వాసన చూసి, పెట్టేసి వెళ్లిపోవడం చాలా బాధ కలిగిస్తుంది. ముందు నిలబడి చూడండి. కొనే ఉద్దేశం ఉంటేనే వంగండి. పెద్దవాళ్లను అమ్మా, అయ్యా అనండి, మీ ఈడువాళ్లను అక్కా, అన్నా అనండి. "ఏయ్, ఇదెంత?" అనే పర్యాటకులను రోజూ చూస్తుంటారు కాబట్టి, మర్యాదగా పిలిస్తేనే కొసరు పెద్దదవుతుంది. తెలుగు రానివాళ్లు కొందరుంటారు, ఆదివాసీ ఒడియా, కువి (కోందుల భాష) మాట్లాడతారు. వేళ్లు చూపించినా, నోటు చూపించినా సరిపోతుంది. పక్కనున్నవాళ్లు ఎలాగూ అందుకుంటారు.

డబ్బు సంగతి. ఫోన్ చెల్లింపులు వ్యాపారుల దగ్గర నడుస్తాయి, కానీ సంత రోజు వేలమంది ఒకే టవర్ మీద పడతారు, సిగ్నల్ చతికిలబడుతుంది. పోగులు అమ్మేవాళ్లకు నగదే. 500 నోటు ఇస్తే చిల్లర కోసం ఆవిడ సరుకు వదిలేసి నాలుగు చోట్ల తిరగాలి. పది రూపాయల నాణెం చెల్లుబాటయ్యేదే అయినా కొందరు తీసుకోరు, వాదించకుండా నోటు ఇవ్వండి. అరకు ఏటీఎంలను శుక్రవారం నమ్ముకోకండి, చిల్లర విశాఖలోనే మార్చుకోండి.

కొలతల దగ్గరే ఎక్కువమంది తికమకపడతారు. చట్టం ప్రకారం అమ్మకం కిలోల్లో, లీటర్లలో జరగాలి. సంతలో మాత్రం ఇంకా సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం వినిపిస్తాయి. వరస ఇది: రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. ఇది వరస మాత్రమే. సోల ఎంత అన్నది ప్రాంతాన్ని బట్టి, చేతిలో ఉన్న డబ్బాను బట్టి మారిపోతుంది. చాలాసార్లు పాత పాల డబ్బానో నూనె డబ్బానో కోసి చేసిన కొలపాత్రే ఉంటుంది. కాబట్టి "తవ్వ ఎంత?" అని ధర అడిగే ముందు ఆ డబ్బా ఒకసారి చూపించమనండి. మూడు విషయాలు చూడాలి. అడుగు లోపలికి నొక్కి ఉందా? కొలిచేటప్పుడు బొటనవేలు లోపల ఉంటోందా? పైన గోపురంలా నిలిపి పోస్తున్నారా, అంచుకు సమానంగా చేత్తో గీసేస్తున్నారా? చిన్న డబ్బాకు గోపురం తేడా ఐదో వంతు దాకా ఉంటుంది. పండించినవాళ్లు సాధారణంగా గోపురంతోనే పోస్తారు. గీసేవాడు వ్యాపారి.

డబ్బా కొలతను కిలోల్లోకి మార్చుకోవడానికి ఒక లెక్క గుర్తుంచుకోండి. లీటరు డబ్బాకు చోళ్లు, రాజ్‌మా లాంటివి ముప్పావు కిలో పైచిలుకు, ఎనిమిది వందల గ్రాముల లోపు తూగుతాయి. మిరియాలైతే అరకిలోకి కాస్త అటూ ఇటూ అంతే. "డబ్బా అంటే కిలో" అని ఎవరైనా మిరియాలు అమ్మితే మీరు సగానికి సగం నష్టపోయినట్టు. తక్కెడతో తూచేచోట ముందు ఖాళీ తట్టలు సమానంగా నిలుస్తున్నాయా చూడండి. రాళ్ల మీద అనుమానం వస్తే మీ సంచిలో ఉన్న సీలు తీయని లీటరు నీళ్ల సీసా ఒక తట్టలో పెట్టమనండి. అది సీసా బరువుతో కలిపి కిలోకి ఇరవై ముప్పై గ్రాములు ఎక్కువ తూగుతుంది, అంతే. అడిగేది నవ్వుతూ అడగండి, గొడవలా కాదు.

ఇప్పుడు అసలు విషయం, డిసెంబరులో ఏం కొనాలి. సంతలో ప్రతి సరుకుకూ ఒక నెల ఉంటుంది, అది తప్పితే మీకు పాత నిల్వే దక్కుతుంది.

రాజ్‌మా చిక్కుడు గింజలు ఈ నెలలో కొత్త పంట. ఎరుపు, తెలుపు రెండూ వస్తాయి. కొత్త గింజ నున్నగా, మెరుస్తూ, పంటి కింద కొంచెం పచ్చిగా ఉంటుంది. పాతది మసకబారి, పొట్టు మీద సన్న ముడతలు కనిపిస్తాయి, కుక్కర్లో ఎన్ని విజిల్స్ వేసినా ఉడకదు. గుప్పెడు తీసి అరచేతిలో పరచి సూదిమొన రంధ్రాలున్నాయేమో చూడండి. ఒకటి కనిపిస్తే మూటంతా పురుగే. ఇంటికి తెచ్చాక రెండు రోజులు ఎండలో వెయ్యండి, కొత్త గింజలో చెమ్మ ఉంటుంది. వండేటప్పుడు ఎనిమిది గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కుక్కర్లో మెత్తగా ఉడికించండి. సగం ఉడికిన రాజ్‌మా వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది. అది సంత సరుకు తప్పు కాదు, ఆ గింజ గుణమే అంత.

చోళ్లు అంటే మన రాగులే. వీటికి పొట్టు తీసే పని లేదు, కడిగి ఎండబెట్టి మర పట్టించుకోవచ్చు. సామలు, కొర్రల దగ్గర మాత్రం ఒక మాట తప్పక అడగండి: "ఇవి గింజలా, బియ్యమా?" పొట్టుతో ఉన్న గింజలు చౌకగా కనిపిస్తాయి. ఇంటికి తెచ్చాక దంచుకోవాలి, దంచితే మూడో వంతు దాకా పొట్టు, నూక కింద పోతుంది. హైదరాబాదులో ఆ పని చేసిపెట్టే మర వెతుక్కోవాలి. దంచిన బియ్యమైతే రెండు మూడు నెలల్లో వాడేయాలి, ఆ తర్వాత నూనె వాసన వస్తుంది. పాలిష్ పట్టని బియ్యం తెల్లగా ఉండదు, అది చూసి వద్దనకండి. చిన్న రాళ్లు మాత్రం ఉంటాయి, చేటలో చెరగాల్సిందే.

అల్లం కొండల్లో పండేది సన్నగా, కణుపులు దగ్గరగా, ఘాటుగా ఉంటుంది. మట్టితోనే కొని, మట్టితోనే తెచ్చుకోండి. అక్కడే కడిగి ప్లాస్టిక్ కవరులో వేస్తే హైదరాబాద్ చేరేలోపు బూజు పడుతుంది. వలిసెలు (వెర్రి నువ్వులు) కూడా ఇప్పుడే మొదలవుతాయి. మీరు దారిలో ఫొటోలు దిగే పసుపు పూల తోటల విత్తనం అదే. వేయించి పొడి కొట్టుకుంటే బాగుంటుంది, పావుకిలో చాలు.

వద్దన్నవాటికి కారణాలు. చింతపండు కొత్తది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య వస్తుంది. డిసెంబరులో అమ్మేది పోయిన సీజనుది, నల్లబడి ఉంటుంది. పిక్కతో ఉన్నదానికీ, తీసినదానికీ ధర తేడా కూడా కొత్తవాళ్లకు తెలియదు. పసుపు, మిరియాలు కూడా చలికాలం పోయే వేళకు గానీ కొత్తవి రావు. అయినా పసుపు కొనాలనిపిస్తే కొమ్ము విరిచి చూడండి. టక్కున విరిగి, లోపల ముదురు నారింజ రంగు ఉంటే మంచిది. వంగితే చెమ్మ ఉన్నట్టు. పైన గరుగ్గా, మట్టిరంగులో ఉండటం దాని సహజ రూపం. నిగనిగలాడే పచ్చటి కొమ్ములైతే రంగు పూసి ఉండొచ్చు, వాటి జోలికే పోవద్దు. మిరియాలు నీళ్లలో వేస్తే నిండు గింజ మునుగుతుంది. తాలు గింజలూ, కలిపిన బొప్పాయి గింజలూ తేలతాయి.

కాఫీ విషయంలో మోసపోవడం కాదు గానీ భంగపడటం ఎక్కువ. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పేరు మోగిపోతోంది. సంతలో కుప్పలుగా కనిపించే నల్లటి ఎండు కాయలు పండ్లతో సహా ఎండబెట్టినవి. వాటికి పొట్టు తీయాలి, గ్రేడు చేయాలి, వేయించాలి, అప్పుడు పొడి. ఇంట్లో అయ్యే పని కాదు. పొడి కావాలంటే అరకులో గిరిజన సహకార సంస్థ దుకాణంలో తీసుకోండి. 1956 నుంచి గిరిజనుల దగ్గర అటవీ ఉత్పత్తులు కొంటున్న ప్రభుత్వ సంస్థ అది, జీసీసీ అంటే ఎవరైనా చూపిస్తారు. వాళ్ల కొనుగోలు ధరలు ఎక్కడైనా బోర్డు మీద కనిపిస్తే ఒకసారి చదవండి. సంతలో ఎవరైనా మీకు ఆ ధర కంటే తక్కువకు ఇస్తున్నారంటే, మీరు గెలిచినట్టు కాదు, ఆ మనిషికి డబ్బు అవసరం అంత ఉన్నట్టు.

తేనె గురించి ఎలాగూ అడుగుతారు. పాత మందు సీసాల్లో పోసి అమ్మే కొండ తేనె అసలుదే అయినా చెమ్మ ఎక్కువ ఉండొచ్చు. ప్రమాణాల ప్రకారం తేనెలో నీటి శాతం 20 దాటకూడదు. పట్టు పూర్తిగా మూతపడక ముందే పిండిన తేనెలో అది దాటుతుంది, నురగ వచ్చి పులుస్తుంది, మూత బిగిస్తే సీసా పొంగుతుంది. నీళ్ల చుక్కలో వేసి చూడటం, అగ్గిపుల్లకు పూసి వెలిగించడం, చీమలు పడతాయా అని చూడటం ఇవేవీ పరీక్షలు కావు, బెల్లం పాకం వీటన్నిట్లోనూ నెగ్గేస్తుంది. సీసా తలకిందులు చేసి గాలి బుడగ ఎంత నెమ్మదిగా పైకి వస్తుందో చూడండి. చిక్కదనం తెలుస్తుంది, అంతకుమించి ఏదీ తెలియదు. నా మాట వింటే తేనె కూడా జీసీసీ దుకాణంలోనే కొనండి. ఏడాది లోపు పిల్లలకు ఏ తేనే పెట్టకూడదు.

పిల్లలు వస్తున్నారన్నారు కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి. అడవి దినుసులు కొనే వ్యాపారుల ముందు గోనెల మీద రకరకాల గింజలు పోసి ఉంటాయి, పిల్లలు గవ్వల్లా ఏరుకోబోతారు. వాటిలో రెండు ప్రమాదకరం. నల్లజీడి: నల్లగా, గుండె ఆకారంలో, నున్నగా ఉంటుంది. ఒకప్పుడు చాకళ్లు బట్టలకు గుర్తులు పెట్టింది దీని రసంతోనే. ఆ రసం చర్మానికి తగిలితే మంట, తర్వాత బొబ్బలు వస్తాయి. తగిలిన వెంటనే కాకుండా ఒకటి రెండు రోజులకు బయటపడుతుంది కాబట్టి ఎందుకు వచ్చిందో కూడా తెలియదు. పొరపాటున తగిలితే వెంటనే సబ్బుతో బాగా కడగండి, ఆ చేత్తో కళ్లు నలపనివ్వకండి. ముష్టి గింజలు: బూడిదరంగులో, చొక్కా గుండీలా గుండ్రంగా పలచగా, పట్టులా నిగనిగలాడతాయి. అవి విషం, స్ట్రిక్నైన్ ఉండేది వాటిలోనే. చూడటానికి ముచ్చటగా ఉంటాయి గనుక జేబులో వేసుకుంటారు. ఆ వరసలోకి వెళ్లినప్పుడు పిల్లల చేతులు మీ చేతుల్లో ఉండాలి.

ఎవరైనా గోప్యంగా అలుగు (పాంగోలిన్) పొలుసులు, ముళ్లపంది ముళ్లు, ఎలుగు గోళ్లు, "అడవి మాంసం" అంటూ చూపిస్తే మాట కలపకుండా నడిచిపోండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద కొన్నవాళ్లూ నేరస్థులే. మాంసం దుకాణాల వైపు కూడా అక్కర్లేదు. చచ్చిన పశువు మాంసం వల్ల ఏజెన్సీలో గతంలో ఆంత్రాక్స్ కేసులు వచ్చాయి. జీలుగు కల్లు, ఇప్ప సారా రుచి చూడమని పిలిచేవాళ్లుంటారు. అసలే ఘాట్ దిగాలి, వద్దు.

తినడానికి మాత్రం మొహమాటం అక్కర్లేదు. మూకుడులోంచి కళ్ల ముందే తీసిన బజ్జీ, పకోడీ తినొచ్చు. కోసి పెట్టిన పండ్లు, రంగు నీళ్ల ఐసు పిల్లలకు ఇప్పించకండి. నీళ్లు మీవే తాగండి. బొంగులో చికెన్ సంత వంట అనుకుని వెతక్కండి, అది ఎక్కువగా రోడ్డు పక్క పర్యాటకుల కోసం అమ్మేది.

ఫొటోల సంగతి. కూరగాయల పోగులు, కొలపాత్రలు, కొండచీపుళ్ల కట్టలు, మొత్తం సంత దూరం నుంచి తీస్తే ఎవరూ ఏమీ అనరు. మనిషి ముఖం తీయాలంటే అడగాలి, అందులోనూ ముక్కుకు మూడు నత్తులున్న పెద్దావిడ మొహం దగ్గరికి లెన్సు పెట్టేవాళ్లను చూసి చూసి వాళ్లు విసిగిపోయి ఉన్నారు. ఆవిడ దగ్గరే పావుకిలో అల్లం కొని, డబ్బులిచ్చి, ఫోన్ చూపించి కళ్లతో అడగండి. తల తిప్పేసుకుంటే అదే జవాబు. ఒప్పుకుంటే తీసి వెంటనే చూపించండి. ఫొటోకు డబ్బు ఇవ్వకండి, పిల్లలకు అసలే ఇవ్వకండి. ఒకరికి ఇస్తే పది నిమిషాల్లో పదిమంది వెంటపడతారు, వచ్చే వారం వాళ్లు బడి మానేసి సంతలో ఉంటారు. డబ్బు లెక్కపెట్టుకుంటున్నవాళ్లను, కల్లు దగ్గర కూర్చున్నవాళ్లను, చెక్‌పోస్టు పోలీసులను తీయకండి.

డిసెంబరులో అరకులో పొద్దున చలి గట్టిగా ఉంటుంది, పదికల్లా ఎండ చురుక్కుమంటుంది. స్వెటరు తీసి పెట్టుకునే సంచి వేరుగా ఉంచండి, అల్లం మట్టిలో కలిసిపోకుండా. ఏజెన్సీ మలేరియా ప్రాంతం కాబట్టి సాయంత్రం అయితే పిల్లలకు నిండు చేతుల బట్టలు, దోమల క్రీము. మరుగుదొడ్డి సంతలో ఉండదు, బస దగ్గరే ముగించుకుని రండి. కారు సంత మధ్యకు తీసుకెళ్లకండి, బయటికి తీయడానికి గంట పడుతుంది. అర కిలోమీటరు ముందే ఆపి నడవండి.

తిరుగు దారిలో చెక్‌పోస్టు ఉంటుంది. గంజాయి కోసం వాహనాలు ఆపి సంచులు విప్పిస్తారు. మీ సరుకు గోనెలో కుట్టేసి కాకుండా విప్పడానికి వీలుగా పెట్టుకుంటే రెండు నిమిషాల్లో పంపేస్తారు. సంతలోనో, రైల్వే స్టేషన్లోనో, బస్టాండులోనో ఎవరైనా "ఈ సంచి కింద మావాళ్లకు ఇచ్చేయండి, అడ్రసు రాసి ఇస్తాను" అంటే ఎంత పెద్దమనిషైనా, ఎంత చిన్న సంచైనా తీసుకోవద్దు. అందులో ఏముందో మీకు తెలియదన్న మాట మాదక ద్రవ్యాల కేసులో వెంటనే ఎవరూ వినరు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు అల్లం సంచి కింద, రాజ్‌మా పైన పెట్టండి. తేనె సీసా కొని ఉంటే మూత కొద్దిగా వదులు చేసి, నిలువుగా, కాళ్ల దగ్గర పెట్టుకోండి.